పది రోజుల ప్రాణం

వానాకాలం ముదిరిందంటే చాలు, తెలుగునాట ఇంటింటా ఒక మాట వినిపిస్తుంది... ప్లేట్‌లెట్లు! ఒకప్పుడు డాక్టర్ల నోట తప్ప వినపడని ఈ పదం డెంగీ పుణ్యమా అని బస్టాపుల్లోకీ కిరాణా కొట్లలోకీ వచ్చేసింది. 'నిన్న 90 వేలున్నాయట, ఇవాళ 40 వేలకు పడిపోయాయట' అని ఒకరంటే, 'మా బావమరిదికి 18 వేలకు దిగాయండీ' అని మరొకరు. ఆసుపత్రి వరండాలో కూర్చున్న బంధువులకైతే పొద్దున్నే వచ్చే ఆ రిపోర్టే పంచాంగం.

అంకె తగ్గితే భయం. పెరిగితే ఊరట. మరి తగ్గినవన్నీ ఎక్కడికి పోతున్నట్టు? జ్వరం సంగతి అటుంచండి. నిక్షేపంలా ఉన్న మనిషి ఒంట్లోనూ రోజుకు సుమారు 10,000 కోట్ల ప్లేట్‌లెట్లు రాలిపోతుంటాయి. అదే రోజు దాదాపు అన్నే కొత్తవి పుట్టుకొస్తాయి. ఎందుకంటే ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులే. ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంటే దీనికి మాత్రం ఇంత చిన్న గడువు ఎవరు పెట్టారు? ఈ ప్రశ్నకు గట్టి జవాబు దొరికింది 2007లోనే. ఆ జవాబు తెలిస్తే ఆస్పిరిన్ మాత్ర దగ్గర్నుంచి బ్లడ్‌బ్యాంకు సంచి దాకా, క్యాన్సర్ మందు నుంచి డెంగీ రిపోర్టు దాకా చాలా సంగతులు వాటంతటవే అర్థమవుతాయి.

దారిబత్తెంతో బయల్దేరి...

నిజానికి ప్లేట్‌లెట్ పూర్తిస్థాయి కణం కాదు, కణం నుంచి తెగిపడిన తునక. ఎముకల లోపలి మూలుగలో మెగాకార్యోసైట్లనే భారీ కణాలుంటాయి. వాటి నుంచి సన్నటి పోగులు రక్తనాళాల్లోకి చొచ్చుకొస్తాయి. రక్తప్రవాహపు ఒరిపిడికి ఆ పోగులు తెగి ముక్కలవుతాయి. ఆ ముక్కలే ప్లేట్‌లెట్లు. ఒక్కో పెద్దకణం నుంచి ఇవి వేల సంఖ్యలో వస్తాయి. ఒక్కొక్కటి ఎంతుంటుందంటే... మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలంత. 

గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడంలో వీటి పాత్రను గుర్తించి, వీటికో పేరు పెట్టినవాడు ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజోజెరో. అది 1882 నాటి మాట. అవి మూలుగలోని పెద్దకణాల నుంచే వస్తున్నాయని 1906లో అమెరికా వైద్యుడు జేమ్స్ హోమర్ రైట్ చెప్పారు. మనమిచ్చే రక్తపరీక్షలో కనిపించే అంకె ఒక్క మైక్రోలీటరుది, అంటే చిన్న ఆవగింజంత చుక్కలో ఉన్నవాటి లెక్క. 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటే మామూలే.

ఈ తునకకు అన్నీ ఉన్నాయి, ఒక్క కేంద్రకం తప్ప. కేంద్రకమంటే కణానికి కావలసిన ప్రొటీన్ల తయారీ సూత్రాలన్నీ భద్రపరిచిన గది. అది లేకపోతే? ఊరెళ్లేటప్పుడు అమ్మ కట్టిచ్చిన దారిబత్తెమే గతి! తల్లికణం మూటగట్టి ఇచ్చిన ప్రొటీన్లతోనే ప్లేట్‌లెట్ తన పది రోజులూ నెట్టుకురావాలి. మూటలో సరుకు నిండుకుంటే మళ్లీ వండుకునే వీలు దాదాపు లేదు.

గుండెజబ్బు ఉన్నవాళ్లు రోజూ వేసుకునే చిన్న ఆస్పిరిన్ మాత్ర పనిచేసేది సరిగ్గా ఈ బలహీనత మీదే. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పిలుచుకుని గుమిగూడటానికి ఉపయోగపడే ఒక ఎంజైమును ఆస్పిరిన్ శాశ్వతంగా మూసేస్తుంది. మిగతా కణాలైతే కొత్త ఎంజైమును తయారుచేసుకుంటాయి. ప్లేట్‌లెట్‌కు ఆ అవకాశం లేదు. బతికినన్నాళ్లూ అలా ఉండాల్సిందే. మాత్ర మానేశాక కూడా దాని ప్రభావం వారం, పది రోజులు మిగిలేది అందుకే... పాతవన్నీ పోయి కొత్తవి రావాలి కదా! ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో తేల్చిన బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్‌కు 1982లో నోబెల్ వచ్చింది.

పని మీద పోయేవి కొన్నే

ప్లేట్‌లెట్లు రక్తనాళాలకు మాట్లు వేస్తూ, ఆ పనిలోనే ఖర్చయిపోతాయని చాలామంది అనుకుంటారు. అందులో కొంత నిజముంది. కనపడే గాయమే కానక్కర్లేదు. ఒంట్లో ఎక్కడో ఒకచోట సన్నటి రక్తనాళాల గోడలకు చిన్నచిన్న చిల్లులు పడుతూనే ఉంటాయి. వాటిని పూడ్చడానికి రోజూ కొన్ని ప్లేట్‌లెట్లు కావాలి. 

ఆ 'కొన్ని' ఎన్ని? 1985లో అమెరికా పరిశోధకులు స్టీఫెన్ హాన్సన్, షెరిల్ స్లిక్టర్ లెక్కగట్టారు. మైక్రోలీటరుకు రోజుకు సుమారు 7,000 మాత్రమే! ఆరోగ్యవంతుడిలో రోజూ మాయమయ్యేవాటిలో ఇది అయిదో వంతు కూడా కాదు. మిగిలినవన్నీ ఏ గాయాన్నీ చూడకుండానే, ఒక్క చిల్లూ పూడ్చకుండానే వయసు మీరి వెళ్లిపోతున్నాయన్నమాట. అగ్నిమాపక కేంద్రంలో సిబ్బందిలా అవసరానికి మించి సిద్ధంగా ఉండటమే వాటి ఉద్యోగం. మంట లేచిన రోజున పరుగెత్తాలి. లేవకపోతే గడువు తీరగానే దిగిపోవాలి.

7,000 అన్న ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. డెంగీ దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

ఆకు రాలినట్టు...

ఒంట్లో కణాలు చనిపోవడం కొత్త విషయం కాదు. కాలిన చోట, దెబ్బ తగిలిన చోట కణాలు ఉబ్బి పగిలి చచ్చిపోతాయి. చుట్టూ వాపు, మంట. కానీ అసలు గొడవే లేకుండా, ముందే రాసిపెట్టినట్టు ముడుచుకుపోయి నిశ్శబ్దంగా వెళ్లిపోయే మరణం ఇంకొకటుంది. 1972లో జాన్ కెర్, ఆండ్రూ విల్లీ, అలస్టెయిర్ కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దానికి 'అపోప్టాసిస్' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో చెట్టు నుంచి ఆకులు రాలడాన్ని అలా అంటారట. 

అమ్మ కడుపులో ఉన్నప్పుడు బిడ్డ చేతివేళ్లు ముందు అతుక్కునే ఉంటాయి. మధ్యలోని కణాలు ఇలా రాలిపోతేనే అవి విడివడతాయి. ఒక సన్నటి పురుగులోనైతే ఈ లెక్క ఎంత కచ్చితమంటే, పెరిగే క్రమంలో పుట్టే 1,090 కణాల్లో సరిగ్గా 131 చనిపోయి 959 మిగులుతాయి. ప్రతిసారీ అంతే! ఆ రహస్యాన్ని విప్పిన సిడ్నీ బ్రెనర్, రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి దక్కింది.

సరే, అవన్నీ కేంద్రకం ఉన్న కణాలు. మరి కేంద్రకమే లేని ప్లేట్‌లెట్‌కూ ఇలాంటి ఏర్పాటు ఉందా? 

గడియారం దొరికింది!

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడి కైలీ మేసన్, బెన్ కైల్ తదితరులు ఎలుకల జన్యువుల్లో అక్కడక్కడా మార్పులు కలిగించి, వాటి సంతానంలో ప్లేట్‌లెట్లు తక్కువున్న వాటిని ఏరారు. తక్కువ ఎందుకున్నాయని వెతికితే 'బీసీఎల్-ఎక్స్‌ఎల్' అనే ప్రొటీన్ దగ్గర తేలింది లోపం. 

వాళ్లు 2007లో 'సెల్' పత్రికలో చెప్పిన కథ ఇదీ. ప్రతి ప్లేట్‌లెట్‌లోనూ ఇద్దరుంటారు. ఒకరు 'బ్యాక్' అనే హంతకుడు. రెండోవారు బీసీఎల్-ఎక్స్‌ఎల్ అనే కాపలాదారు. హంతకుడు కదలకుండా కాపలాదారు గట్టిగా పట్టుకుని ఉంటాడు. ఇద్దరూ తల్లికణం కట్టిచ్చిన మూటలోంచి వచ్చినవాళ్లే. తిరకాసంతా ఎక్కడంటే, కాపలాదారు ప్రొటీన్ రోజురోజుకూ తరిగిపోతుంటుంది. హంతకుడు అంత తొందరగా తరగడు. కేంద్రకం లేదు కాబట్టి కొత్త కాపలాదారు రాడు. ఒకరోజు పట్టు సడలుతుంది. అంతే... బ్యాక్ విడివడి, ప్లేట్‌లెట్‌కు శక్తినిచ్చే మైటోకాండ్రియాలకు రంధ్రాలు చేస్తుంది. దాంతో కణాన్ని లోపలి నుంచే విప్పేసే ఎంజైములు మేల్కొంటాయి. లోపలి పొరలో దాగి ఉండాల్సిన ఒక కొవ్వు పదార్థం పైపొర మీదికి తిరుగుతుంది. 'నా పని అయిపోయింది, తీసుకుపోండి' అని బోర్డు పెట్టినట్టే! కాలేయంలో, ప్లీహంలో కాచుకుని ఉండే భక్షక కణాలు ఆ బోర్డు చూసి దాన్ని మింగేస్తాయి. వాపు లేదు, నొప్పి లేదు.

ఇది నిజమేనా అని తేల్చుకోవడానికి శాస్త్రవేత్తలు బ్యాక్ లేని ఎలుకలను పరీక్షించారు. వాటిలో ప్లేట్‌లెట్లు గడువు దాటి బతికాయి. రక్తంలో వాటి సంఖ్య పెరిగింది. అంటే గడియారం తిప్పుతున్నది ఈ జంటేనన్నమాట. ఇసుక గడియారంలో పైగిన్నె ఖాళీ అయ్యేదాకానే ప్లేట్‌లెట్‌కు ఆయుష్షు.

మందు చెప్పిన సాక్ష్యం

ఇదంతా ఎలుకల్లో. మనుషుల్లోనూ ఇంతేనని చాటింది ఓ క్యాన్సర్ మందు! 

కాపలాదారు కుటుంబంలో మొదటివాడు 'బీసీఎల్-2'. అది కణాలను చావనివ్వకుండా ఆపుతుందని 1988లో కనిపెట్టిందీ అదే మెల్‌బోర్న్ సంస్థలోని డేవిడ్ వాక్స్, సుజానే కోరీ, జెర్రీ ఆడమ్స్. కొన్నిరకాల రక్తక్యాన్సర్లలో కణాలు చావాల్సిన వేళకు చావకపోవడానికి ఈ కాపలాదారే కారణం. అతణ్ని పక్కకు తప్పిస్తే క్యాన్సర్ కణం తనంతట తానే పోతుంది కదా? ఈ ఆలోచనతో నావిటోక్లాక్స్ అనే మందు తయారైంది. క్యాన్సర్ మీద పనిచేసింది. కానీ మందు వేసుకున్న కొద్ది వ్యవధిలోనే రోగుల ప్లేట్‌లెట్లు పడిపోయేవి. మోతాదు పెంచితే ఇంకా పడిపోయేవి. ఎందుకంటే అది బీసీఎల్-2తో పాటు ప్లేట్‌లెట్లను కాపాడే బీసీఎల్-ఎక్స్‌ఎల్‌నూ పట్టేస్తోంది. గడియారాన్ని ఎవరో చేత్తో ముందుకు తిప్పేసినట్టు!

కారణం తెలిసింది కాబట్టి దారీ దొరికింది. ప్లేట్‌లెట్ల కాపలాదారును వదిలేసి, బీసీఎల్-2ను మాత్రమే పట్టుకునేలా మందును తిరిగి మలిచారు. 2013లో దాని వివరాలు వెలువడ్డాయి. అదే వెనిటోక్లాక్స్. 2016 ఏప్రిల్‌లో అమెరికాలో ఒకరకం దీర్ఘకాలిక రక్తక్యాన్సర్‌కు అనుమతి పొందింది. ఒక చిన్న తునక ఎలా చనిపోతుందన్న ఆరా ఎంతోమంది క్యాన్సర్ రోగులకు పనికొచ్చే మందుకు దారి చూపిందన్నమాట.

పోతూ పోతూ కబురు

వెళ్లిపోయేవి వెళ్లిపోతే కొత్తవి ఎన్ని కావాలో మూలుగకు ఎలా తెలుస్తుంది? ఆ ఉత్తర్వు తీసుకెళ్లేది త్రాంబోపోయిటిన్ అనే హార్మోను. అది ప్రధానంగా కాలేయంలో తయారవుతుంది. రక్తంలో తిరిగే ప్లేట్‌లెట్లు దాన్ని పీల్చేసుకుంటుంటాయి. అవి తగ్గితే పీల్చేవి తగ్గుతాయి, హార్మోను మిగులుతుంది, మూలుగ పని వేగం పెంచుతుంది.

2015లో అమెరికా పరిశోధకులు ఎలుకల్లో ఇంకో ముచ్చటైన సంగతి గమనించారు. ప్లేట్‌లెట్ పాతబడేకొద్దీ దాని ఒంటిమీది చక్కెర పూత కొంచెం కొంచెంగా ఊడిపోతుంది. పూత పోయినదాన్ని కాలేయం గుర్తుపట్టి లోపలికి తీసుకుంటుంది. తీసుకోగానే కొత్త హార్మోను తయారీ పెరుగుతుంది. అంటే ముసలి ప్లేట్‌లెట్ ఊరికే పోవడం లేదు. 'నా స్థానంలోకి ఒకణ్ని పంపండి' అని కబురు చెప్పి మరీ పోతోంది!

సంచిలో అయిదు రోజులు

ఇక బ్లడ్‌బ్యాంకులోకి వద్దాం. ఎర్ర రక్తకణాలను ఫ్రిజ్‌లో పెడితే 35 నుంచి 42 రోజులు నిల్వ ఉంటాయి. ప్లాస్మాను గడ్డకట్టిస్తే ఏడాది. ప్లేట్‌లెట్లు మాత్రం అయిదు రోజులే. అదీ ఫ్రిజ్‌లో కాదు... 20 నుంచి 24 డిగ్రీల గది ఉష్ణోగ్రతలో, ఉయ్యాలలా నెమ్మదిగా ఊగే యంత్రం మీద.

చల్లగా పెడితే ఏమవుతుందో 1969లో స్కాట్ మర్ఫీ, ఫ్రాంక్ గార్డ్‌నర్ చూపించారు. చల్లబడిన ప్లేట్‌లెట్లను ఒంట్లోకి ఎక్కిస్తే రోజుల తరబడి తిరగాల్సినవి త్వరత్వరగా రక్తంలోంచి మాయమైపోయాయి. చలికి వాటి పైపొర మారిపోవడంతో కాలేయం వాటిని పాతవాటి కింద జమకట్టేస్తుందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. పోనీ వెచ్చగా ఉంచితే? బ్యాక్టీరియాకు పండగే. అమెరికాలో 1984లో నిల్వ గడువును ఏడు రోజులకు పెంచి, బ్యాక్టీరియా భయంతో 1986లో మళ్లీ అయిదుకు దించారు. దానికి తోడు, సంచిలో ఉన్నా ప్లేట్‌లెట్‌కు వయసు మీద పడుతూనే ఉంటుంది. అందుకే ప్లేట్‌లెట్లను దాచిపెట్టుకోవడం కుదరదు. ఈ ఆదివారం ఇచ్చినవి వచ్చే ఆదివారానికి పనికిరావు.

డెంగీలో అంకెల వేట

మరి డెంగీలో ప్లేట్‌లెట్లు ఎందుకు పడిపోతాయి? కారణాలు ఒకటి కాదు. వైరస్ దెబ్బకు మూలుగలో ఉత్పత్తి కొన్నాళ్లు మందగిస్తుంది. రోగనిరోధక వ్యవస్థ కొన్నిటిని తొలగిస్తుంది. వీటికి తోడు, డెంగీ రోగుల ప్లేట్‌లెట్లలో మైటోకాండ్రియాలు దెబ్బతిని, ముందే రాసిపెట్టిన ఆ మరణం వేళ కాకుండానే మొదలవుతోందని 2013లో బ్రెజిల్ పరిశోధకులు గుర్తించారు. జ్వరం నెమ్మదించి, వైరస్ వెళ్లిపోయాక మూలుగ మళ్లీ పుంజుకుంటుంది. చాలామందిలో కౌంట్ తనంతట తానే పెరుగుతుంది. ఆ రోజుల్లో ఏ ఆకు రసం తాగినా, ఏ పండు తిన్నా ఘనత దానికే దక్కుతుంది!

అంకె తగ్గగానే 'ప్లేట్‌లెట్లు ఎక్కించండి డాక్టరు గారూ' అని పట్టుబట్టే కుటుంబాలెన్నో. ఇక్కడే ఆ 7,000 లెక్క గుర్తుచేసుకోవాలి. రక్తనాళాల రోజువారీ మరమ్మతుకు కావలసింది అంతే. అందుకే రక్తస్రావం లేనప్పుడు 10,000 కన్నా తగ్గితేనే ఎక్కించే విషయం ఆలోచించమంటాయి మన దేశ డెంగీ చికిత్స మార్గదర్శకాలు. రక్తస్రావం ఉంటే అది వేరే సంగతి, డాక్టరు చూసి నిర్ణయిస్తారు. సింగపూర్, మలేసియాల్లోని అయిదు ఆసుపత్రుల్లో 20,000 అంతకన్నా తక్కువ కౌంట్ ఉన్న 372 మంది డెంగీ రోగులపై జరిగిన అధ్యయనం 2017లో 'లాన్సెట్'లో వచ్చింది. ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినవారిలో రక్తస్రావం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పైగా దద్దుర్ల వంటి దుష్ప్రభావాలు వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి.

డెంగీలో అసలు ప్రమాదం చాలాసార్లు ప్లేట్‌లెట్ల దగ్గర కాదు, రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోవడం దగ్గర ఉంటుంది. అదీ జ్వరం తగ్గుముఖం పట్టే వేళ. 'హమ్మయ్య, జ్వరం తగ్గింది' అనుకునే ఆ ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా చూసుకోవాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత, చిరాకు, చేతులూ కాళ్లూ చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కౌంట్ ఎంతున్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. ఉన్న కొద్ది ప్లేట్‌లెట్ల చేతులనూ అవి కట్టేస్తాయి.

ఆ సంచి ఎవరిది?

అవసరం లేకుండా ఎక్కించుకున్న సంచి ఇంకెవరికో అందకుండా పోయిన సంచి. క్యాన్సర్ వార్డుల్లో కీమోథెరపీ తీసుకుంటున్న పిల్లలూ పెద్దలూ ఉంటారు. వాళ్ల మూలుగ కొన్ని వారాలపాటు దాదాపు మూతపడి ఉంటుంది. డెంగీ రోగిలా నాలుగైదు రోజుల్లో కౌంట్ తిరిగి పెరుగుతుందన్న ధీమా వాళ్లకు ఉండదు. ఎక్కించినవాటి గడియారం కూడా ఆగదు. కొద్ది రోజులకే మళ్లీ కావాలి. ఆ తర్వాత మళ్లీ. వానాకాలంలో డెంగీ కేసులతో గిరాకీ పెరిగినప్పుడు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇలాంటివాళ్లే.

మామూలుగా ఇచ్చే ఒక యూనిట్ రక్తం నుంచి తీసే ప్లేట్‌లెట్లు పెద్దవాళ్లలో కౌంట్‌ను 5,000 నుంచి 10,000 దాకా పెంచుతాయి. యంత్రం ద్వారా ఒకే దాత నుంచి ప్లేట్‌లెట్లు మాత్రమే తీసుకుని మిగతా రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపే పద్ధతిలోనైతే 30,000 నుంచి 60,000 దాకా పెరగొచ్చు. అలా ఇచ్చిన దాతకు వచ్చే లోటును మూలుగ రోజుల్లోనే పూడ్చేస్తుంది. కాబట్టే 48 గంటల విరామంతో, వారానికి రెండుసార్లకు మించకుండా, ఏడాదికి 24 సార్ల దాకా ఇవ్వొచ్చని మన నిబంధనలు చెబుతున్నాయి. మూడు రోజుల్లోపు ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లు మాత్రం ప్లేట్‌లెట్లు ఇవ్వకూడదు. కారణం ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

సంచులు పేర్చి పెట్టుకోలేం కనుక బ్లడ్‌బ్యాంకుకు అసలు నిల్వ దాతలే. దగ్గర్లోని బ్లడ్‌బ్యాంకులో పేరూ, గ్రూపూ, ఫోన్ నంబరూ రాయించి వస్తే చాలు. ఒంట్లో ఉంచుకున్నా అవి పదో రోజుకు వెళ్లిపోయేవే. అడిగిన రోజున వెళ్లి ఇచ్చొస్తే, ఆ మిగిలిన నాలుగు రోజులూ ఏ క్యాన్సర్ వార్డులోనో ఒక బిడ్డకు ముక్కులోంచి రక్తం కారకుండా కాపలా కాస్తాయి.